ప్రాణభయము – అన్నభయము



హిందూపురము, పెనుకొండ, ధర్మవరము – ఈ మూడు ఊళ్ళును ఒకే రైలుదారిమీద నున్నవి. బెంగుళూరునుండి గుంతకల్లు వైపునకు పోవు బండి మొదట హిందూపురమును, పిదప పెనుకొండను, ఆ తరువాత ధర్మవరమును చేరును. పంతొమ్మిదవ శతాబ్దము చివర ఈ దారి పడినది మొదలు మా సీమకు ధాన్యము వచ్చినదియు, మా పట్టుచీరలు పరదేశములకు పోయినదియు ఈ దారినే. రోగములు వచ్చినదియు ఈ దారినే. కావున మహామారి వచ్చెనను వార్త విన్నపుడెల్ల మా జనులకు రెండు భయములు ఒక్కసారి కలుగుచుండును. దారి తెరచియుంచినచో ప్రాణము పోవునేమో యని యొకటి. దారి మూసినచో అన్నము పోవునేమో యని రెండవది. ఈ రెండవ భయమును పెద్దలు కొందరు అజ్ఞానమని కొట్టివేయుదురు. అది అజ్ఞానము కాదనియు, దానిని తీర్చనిదే మొదటి భయము తీరదనియు చరిత్ర చెప్పుచున్నది. నేటి ప్రసంగమున నేను మనవి చేయదలచినది ఇదియే.

మొదట ధాత కరువును స్మరింతము. అది 1876 నుండి 1878 వరకు దక్షిణదేశమును పీడించిన క్షామము. అప్పటికి అనంతపురము జిల్లా లేదు. ఈ సీమ బళ్ళారి జిల్లాలో చేరియుండెను. 1882లో గాని అనంతపురము వేరుపడలేదు. వానలు లేక పైరులు ఎండెను. జనులు ఊళ్ళు విడిచి గంజి పోయు చోట్లకును, కరువుపనులకును గుంపులుగా పోయిరి. ఆ గుంపులలో వాంతిభేది చెలరేగెను. ఆకలిచే చచ్చినవారెందరు, రోగముచే చచ్చినవారెందరు అని విడదీయుట నేటికిని కష్టమే. ఆకలిగొన్న దేహములోనికి రోగము తలుపు తట్టకయే ప్రవేశించును.

ఇరువది యేండ్లకు ప్లేగు వచ్చెను. 1896లో బొంబాయిలో కనబడి, రైలు వెంబడి దిగి, 1898లో బెంగుళూరు చేరెను. బెంగుళూరునకు వచ్చినది హిందూపురమునకు వచ్చుటకు ఎంత కాలము పట్టును? బళ్ళారి, అనంతపురము ప్రాంతములు పిదప ఎన్నో యేండ్లు ఆ రోగమునకు ఆటపట్టులైనవి. 1897లో హాఫ్‌కిన్ అను శాస్త్రజ్ఞుడు ప్లేగునకు టీకాను కనిపెట్టి, మొదట తన దేహముననే పొడుచుకొనెను. ఆ యేడే ఫిబ్రవరిలో ప్రభుత్వము అంటురోగముల చట్టమును చేసెను. ఇండ్లు సోదా చేయుటకును, రోగులను వేరుచేయుటకును, ప్రయాణికులను నిలిపి పరీక్షించుటకును ఆ చట్టము అధికారులకు బలమిచ్చెను. ఆ చట్టమునే నూటయిరువది మూడేండ్ల తరువాత, 2020లో, మరల బయటికి తీసిరి.

ప్లేగునాళ్ళ సంగతి మా జేజి చెప్పగా విన్నాను. ఆమె ధర్మవరమున నేతగాండ్ర ఇంట పుట్టినది. ఇంటిలో ఎలుకలు పడినచో జనులు ఊరు విడిచి పొలములలో గుడిసెలు వేసికొనుచుండిరట. ఇది మంచి పద్ధతియే. వైద్యులును దీనినే చెప్పిరి. కాని గాదెలో గింజలు గలవాడు నెలలకొలది పొలమున నుండగలిగెననియు, కూలివాడు నాలుగవనాడే ఊరిలోనికి రాక తప్పలేదనియు ఆమె చెప్పెడిది. కొందరు రోగిని సోదాదారులకు కనబడకుండ దాచిరట. రోగిని తీసికొనిపోయినచో ఇంటిల్లిపాదికి కూడు పెట్టువాడెవడు? దాచినవానిని నిందించుట సులభము. దాచవలసిన అవసరము లేకుండ చేయుట కష్టము.

1918లో వచ్చిన విషజ్వరము, అనగా ఇన్‌ఫ్లుయెంజా, వీనినన్నిటిని మించినది. అది ఆ యేడు జూన్ నెలలో బొంబాయి రేవున దిగెను. మొదట తేలికగా పోయెను. సెప్టెంబరునుండి ఉగ్రరూపము దాల్చెను. ముసలివారిని, పసివారిని మాత్రమే గాక, ఇరువదికిని నలువదికిని నడుమనున్న దృఢకాయులను అది ఎక్కువగా కొట్టెను. మన దేశమున కోటి ఇరువది లక్షలనుండి రెండు కోట్ల వరకు జనులు పోయిరని పండితుల అంచనా. 1911లో ముప్పదియొక కోటి యేబది లక్షలుగా నున్న దేశజనము 1921 లెక్కలలో ముప్పదిరెండు కోట్లు కూడ కాలేదు. పదేండ్లలో పెరిగినది నూటికి ఒకటికి కొంచెము మించి మాత్రమే.

ఆ యేడు మరి రెండు కష్టములు తోడైనవి. వానలు తప్పెను. ఐరోపా యుద్ధముచే గింజల వెలయు, గుడ్డల వెలయు మిన్నుముట్టెను. సెప్టెంబరులో చెన్నపట్నమున జనులు అంగళ్ళమీద పడి దోచుకొనిరి. ధర బరువు మోయలేక జనులు కుంగియున్న నెలలోనే జ్వరము వారిపై పడినదన్నమాట. కోత కోయవలసిన చేతులే మంచము పట్టెను. మా జేజి అప్పటికి పదుమూడేండ్ల పిల్ల. ఆ యేటి మాట వచ్చినపుడు ఆమె ఒక్క వాక్యమే చెప్పి ఊరకుండెడిది: “పడుగు వేసినవాడు చీర కోయలేదు నాయనా.” మగ్గముమీద చీర సగము నిలిచియుండగా నేతగాడు పోయెనని దాని అర్థము.

ఇక మన కండ్లతో చూచిన దానికి వత్తము. కరోనా వ్యాధిని 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్యసంస్థ మహామారిగా ప్రకటించెను. మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌను అను కట్టడి విధింపబడెను. అది విడతలుగా మే 31 వరకు సాగెను. మార్చి నెలాఖరున మా జిల్లాలో తొలుత బయటపడినవి హిందూపురము, లేపాక్షి ప్రాంతములలోనివే. ఏప్రిల్‌లో హిందూపురము వీధులకు అడ్డుకట్టలు పడెను. బెంగుళూరులో కూలి చేసికొనువారు పనులు పోయి ఇంటిదారి పట్టిరి. రాష్ట్రపు సరిహద్దున కొడికొండ వద్ద తనిఖీలు నడిచెను.

ఒక్క కట్టడియే మూడు ఊళ్ళను మూడు విధముల తాకెను. పెనుకొండ చేరువ ఎర్రమంచి వద్ద 2019లో పని మొదలిడిన కియా మోటారు కర్మాగారము మార్చిలో ఆగి, మే నెలలో మరల నడిచెను. ఇనుము చెడిపోదు, కారు నెల ఆలస్యమైనను కారే. హిందూపురమున సంగతి వేరు. అది పట్టుగూళ్ళ సంతకు పేరెన్నిక గన్న ఊరు. పట్టుగూడు కారు వలె కాచుకొనియుండదు. కొద్ది దినములలో అమ్మి, ఉడికించి, దారము తీయనిచో లోపలి పురుగు చిలుకయై గూటిని తొలుచుకొని వచ్చును; దారము తునుకలగును. కావున సంత ఎన్నడు తెరతురో యని మల్బరీ రైతు రోగముకంటె ఎక్కువగా దినములను లెక్కించుకొనెను.

ధర్మవరమునకు ఇంకొక విధమైన దెబ్బ తగిలెను. మా చీర పెండ్లిచీర. వేసవి పెండ్లిండ్ల కాలము. పెండ్లికి ఏబదిమందికి మించరాదని కట్టడి వచ్చిన యేడు పట్టుచీర కొనువాడెవడు? మా వీధిలో మగ్గములు ఆగెను. నేతగాడు ఆరోగ్యముగనే యుండెను, చీరయు పూర్తియయ్యెను, కొనువారు లేరు. 1918లో చీర మిగిలి మనిషి పోయెను. 2020లో మనిషి మిగిలి చీర పెట్టెలో నుండిపోయెను. ఈ రెండింటిలో రెండవదియే మేలని ఎవరైనను ఒప్పుకొందురు. కట్టడి వ్యర్థమని నేననను. కట్టుబాట్లు సడలిన పిదప, 2021 ఏప్రిల్, మే నెలలలో రెండవ విజృంభణ వచ్చి, ప్రాణవాయువుకొరకు దేశమంతయు పరుగులిడుట చూచితిమి గదా!

అయితే ఈ మారు ప్రభుత్వములు అన్నభయమును పూర్తిగా మరువలేదు. 2020 ఏప్రిల్ నుండి కేంద్రము కార్డులోని ప్రతి మనిషికి నెలకు ఐదు కిలోల బియ్యము ఉచితముగా నిచ్చెను. రాష్ట్రము బీద కుటుంబములకు వేయి రూపాయలు పంచెను. నేతన్న నేస్తము అను పథకము 2019 డిసెంబరు 21న మా ధర్మవరముననే ఆరంభమైనది. దానిక్రింద అప్పుడు ఏటికి 24,000 రూపాయలు ఇచ్చుచుండిరి. ఆ రెండవ విడత సొమ్మును గడువునకు ముందే 2020 జూన్‌లో ఇచ్చిరి. ధాత కరువునాటి గంజికేంద్రమునకును దీనికిని ఎంతో భేదము కలదు. కాని ఆ సొమ్ము సొంత మగ్గము గలవారికే. ఒకరి మగ్గముమీద కూలికి నేయువానికి, పడుగు సిద్ధము చేయువానికి, అచ్చు అతుకువానికి అది అందలేదు. నాడు పొలమునుండి నాలుగవనాడే తిరిగివచ్చిన కూలివాని మనుమడే వీడు.

ఇంకొక విషయము. కరోనాచే మన దేశమున పోయినవారు అయిదు లక్షల ముప్పదివేలకు పైబడిరని ప్రభుత్వపు లెక్క. 2020, 2021 యేండ్లకు నలువదియేడు లక్షలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో అంచనా వేసెను. ప్రభుత్వము దాని నంగీకరింపలేదు. ఈ వాదము పండితులదే యనుకొనవలదు. మృతుని కుటుంబమునకు ఏబదివేల రూపాయలు ఇచ్చునపుడు కాగితమున కారణము వ్రాయబడియున్నదా యని అడిగిరి. లెక్కకు రాని చావు, దిక్కులేని వితంతువును మిగుల్చును.

గ్రామపెద్దలారా! ఇట్టి రోగము మరల రాదని చెప్పువాడు లేడు. వచ్చునాటికి మూడు పనులు మీ చేతిలో నున్నవి. ఊరిలో వారమునకు మించి గింజలు లేని ఇండ్లేవో ముందే తెలిసికొనుడు. కట్టడి పడిననాడు మొదట ఆ గడపలు తొక్కుడు. రోగము వచ్చినవానిని వెలివేసినట్లు చూడకుడు. వెలికి జడిసినవాడు రోగమును దాచును, దాచిన రోగము ఊరంతయు తినును. ప్రతి చావును ఉన్నదున్నట్లు వ్రాయింపుడు.

ఇంటిలో అన్నమున్నవాడు తలుపు మూసికొనుమనిన మూసికొనును. అన్నము లేనివాని తలుపు ఏ చట్టమును మూయజాలదు.