హొమారె సావా

1978, సెప్టెంబరు 6న జన్మించిన హొమారె సావా జపాన్‌కు చెందిన మాజీ ఫుట్‌బాల్ క్రీడాకారిణి. మిడ్‌ఫీల్డర్ స్థానంలో ఆడిన ఈమె 1993 నుంచి 2015 వరకు జపాన్ మహిళా జాతీయ జట్టుకు ప్రాతినిధ్యం వహించి 205 మ్యాచ్‌లలో 83 గోల్స్ సాధించింది. ఈ రెండూ జపాన్ జాతీయ రికార్డులే. 6 ప్రపంచ కప్ పోటీలలోనూ, 4 ఒలింపిక్ క్రీడలలోనూ ఈమె పాల్గొంది. 2011లో ఈమె నాయకత్వంలో జపాన్ మహిళల ప్రపంచ కప్‌ను గెలుచుకుంది. సీనియర్ స్థాయిలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌ను ఒక ఆసియా దేశం గెలుచుకోవడం అదే ప్రథమం.

బాల్యం, తొలినాళ్ళు

సావా జపాన్ రాజధాని టోక్యో పరిధిలోని ఫుచూ నగరంలో జన్మించింది. అన్న వెంట మైదానానికి వెళ్ళి ఆటపై ఆసక్తి పెంచుకున్న ఈమె చిన్నతనంలో బాలురతో కలిసి ఆడింది. 1991లో యోమియురి బెలెజా క్లబ్‌లో చేరి, 12 సంవత్సరాల వయస్సులోనే జాతీయ మహిళా లీగ్‌లో ప్రవేశించింది. 1989లో మొదలైన ఆ లీగ్‌లో పగలు ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం సాధన చేసే క్రీడాకారిణులు ఎందరో ఉండేవారు.

1993 డిసెంబరులో ఫిలిప్పీన్స్ జట్టుపై తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడిన సావా అందులో 4 గోల్స్ చేసింది. అప్పటికి ఈమె వయస్సు 15 సంవత్సరాలు.

అమెరికాలో

1990వ దశకం చివరలో ఆర్థిక మాంద్యం వల్ల పలు సంస్థలు తమ మహిళా జట్లను రద్దుచేశాయి. 1999 ప్రపంచ కప్‌లో జపాన్ గ్రూపు దశలోనే వైదొలగి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కు అర్హత కోల్పోయింది. 1999లోనే సావా అమెరికా వెళ్ళింది. అక్కడ 2001లో ప్రారంభమైన వృత్తిపరమైన మహిళా లీగ్‌లో అట్లాంటా బీట్ జట్టు తరఫున ఆడింది. ఆ జట్టు 2001, 2003లలో ఫైనల్ చేరి రెండుసార్లూ ఓడిపోయింది. 2003లో లీగ్ మూతపడగా సావా 2004లో తిరిగి బెలెజాలో చేరింది. తరువాత 2009, 2010లలో వాషింగ్టన్ ఫ్రీడమ్ జట్టుకు ఆడినప్పుడు అమెరికా ప్రముఖ క్రీడాకారిణి ఆబీ వామ్‌బాక్ ఈమె సహచరి.

ఏథెన్స్, బీజింగ్ ఒలింపిక్స్

2004 ఏప్రిల్ 24న టోక్యో జాతీయ స్టేడియంలో 31 వేల మందికి పైగా ప్రేక్షకుల సమక్షంలో జపాన్ 3-0 తేడాతో ఉత్తర కొరియాను ఓడించి ఏథెన్స్ ఒలింపిక్స్‌కు అర్హత సాధించింది. మోకాలి గాయంతోనే సావా ఆ మ్యాచ్ ఆడింది. ఈ విజయంతో జపాన్‌లో మహిళా ఫుట్‌బాల్‌కు ఆదరణ పెరిగింది. ప్రజల నుంచి వచ్చిన సూచనల ఆధారంగా అదే సంవత్సరం జట్టుకు నడెషికో జపాన్ అనే పేరు పెట్టారు. నడెషికో ఒక పువ్వు పేరు.

2008లో శిక్షకుడిగా వచ్చిన నోరియో ససాకి సావాను రక్షణకు దగ్గరగా ఉండే మిడ్‌ఫీల్డ్ స్థానానికి మార్చాడు. ఆ ఏడాది బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం కోసం జర్మనీతో జరిగిన మ్యాచ్‌కు ముందు, కష్టంగా అనిపించినప్పుడు తన వీపు చూసి పరుగెత్తమని సావా సహచరులకు చెప్పింది. జపాన్ 0-2తో ఓడి నాలుగవ స్థానంలో నిలిచినా, ఆ మాట ఈమె పేరుతో నిలిచిపోయింది.

2011 ప్రపంచ కప్

2011 మార్చి 11న జపాన్ ఈశాన్య ప్రాంతాన్ని భూకంపం, సునామీ అతలాకుతలం చేశాయి. ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరగడంతో ఆ విద్యుత్ సంస్థకు చెందిన మహిళా జట్టు కార్యకలాపాలు నిలిచిపోయాయి. జాతీయ జట్టులో ఆ క్లబ్‌కు ఆడినవారూ ఉన్నారు. నాలుగు నెలలైనా గడవకముందే జర్మనీలో ప్రపంచ కప్ మొదలైంది.

గ్రూపు దశలో మెక్సికోపై సావా 3 గోల్స్ చేసింది. క్వార్టర్ ఫైనల్‌కు ముందు ససాకి విపత్తు దృశ్యాలను క్రీడాకారిణులకు చూపించాడు. ఆ మ్యాచ్‌లో అదనపు సమయంలో కరీనా మరుయామా చేసిన గోల్‌తో ఆతిథ్య జర్మనీ ఓడిపోయింది. సెమీఫైనల్‌లో సావా తప్పుగా అందించిన బంతి స్వీడన్‌కు తొలి గోల్ అయింది. అయితే రెండవ అర్ధభాగంలో ఈమే గోల్ చేసి జట్టును ఆధిక్యంలోకి తెచ్చింది. జపాన్ 3-1తో గెలిచింది.

జూలై 17న ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగిన ఫైనల్‌లో ప్రత్యర్థి అమెరికా. అంతకుముందు ఆడిన 25 మ్యాచ్‌లలో జపాన్ ఆ జట్టును ఒక్కసారి కూడా ఓడించలేదు. ఫైనల్‌లో జపాన్ రెండుసార్లు వెనుకబడి రెండుసార్లూ స్కోరు సమం చేసింది. 104వ నిమిషంలో వామ్‌బాక్ అమెరికాకు ఆధిక్యం ఇవ్వగా, 117వ నిమిషంలో అయా మియామా తీసిన కార్నర్ కిక్‌ను సావా కుడి పాదం వెలుపలి వైపుతో గోల్‌లోకి మళ్ళించింది. 2-2తో సమానమైన మ్యాచ్‌ను జపాన్ పెనాల్టీ షూటౌట్‌లో 3-1తో గెలిచింది. గోల్‌కీపర్ అయుమి కైహోరి రెండు కిక్కులను అడ్డుకుంది. మొత్తం 5 గోల్స్ చేసిన సావాకు అత్యధిక గోల్స్ పురస్కారంతోపాటు ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం కూడా లభించింది.

2012 జనవరిలో ఫిఫా 2011 సంవత్సరపు ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా సావాను ప్రకటించింది. 2006 నుంచి వరుసగా ఐదుసార్లు ఈ గౌరవం పొందిన బ్రెజిల్ క్రీడాకారిణి మార్తా తరువాత దీనిని అందుకున్నది ఈమే. సావా కిమోనో ధరించి పురస్కారం స్వీకరించింది.

చివరి సంవత్సరాలు, విరమణ

2012 ఆరంభంలో తలతిరుగుడు వ్యాధితో కొంతకాలం ఆటకు దూరమైన సావా లండన్ ఒలింపిక్స్ నాటికి కోలుకుంది. వెంబ్లీలో జరిగిన ఫైనల్‌లో జపాన్ 1-2తో అమెరికా చేతిలో ఓడి రజత పతకం పొందింది. 2015లో కెనడాలో తన ఆరవ ప్రపంచ కప్ ఆడింది. ఫైనల్‌లో జపాన్ 2-5తో అమెరికాకు ఓడిపోగా, సావా మొదటి అర్ధభాగంలోనే ప్రత్యామ్నాయ క్రీడాకారిణిగా దిగింది.

2015 డిసెంబరులో విరమణ ప్రకటించిన సావా అదే నెల 27న ఎంప్రెస్ కప్ ఫైనల్‌లో కోబె లియోనెస్సా క్లబ్ తరఫున చివరి మ్యాచ్ ఆడింది. 78వ నిమిషంలో కార్నర్ కిక్‌ను తలతో గోల్‌గా మలచింది. 1-0తో ముగిసిన ఆ మ్యాచ్‌లో అదొక్కటే గోల్. పూర్తిస్థాయి వృత్తిపరమైన మహిళా లీగ్ జపాన్‌లో 2021లో ప్రారంభమైంది.