శరీర బరువు, ఆహార శక్తి గిరాకీ: గోదావరి డెల్టా

ఒక ప్రాంత జనాభా మొత్తం బరువు పెరిగేకొద్దీ ఆ ప్రాంతానికి కావలసిన తిండి కూడా పెరుగుతుంది. అయినా ఆహార లెక్కలు ఎక్కువగా తలలను బట్టే సాగుతాయి. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రాధాన్య కుటుంబాల కార్డుదారులకు మనిషికి నెలకు 5 కిలోల తిండిగింజల చొప్పున నిర్ణయించింది. బడికెళ్ళే పిల్లకూ, ఊడ్పుల్లో పొద్దంతా నడుం వంచే కూలీకీ ఒకటే కొలత.

మనిషి కదలకుండా పడుకున్నా గుండె, మెదడు, కాలేయం శక్తిని ఖర్చు చేస్తూనే ఉంటాయి. ఒంట్లో కండ, కొవ్వు పెరిగితే ఆ ఖర్చూ పెరుగుతుంది. కూర్చుని పనిచేసే పెద్దవారిలో కిలో బరువు పెరిగితే రోజుకు సుమారు 18 కిలో కేలరీలు అదనంగా కావాలి. ఐదు కిలోలకు 90, అంటే 25 గ్రాముల బియ్యం.

ఒక్క మనిషికి ఇది పిడికెడైనా కాదు. కానీ 2011 జనగణన నాటికి డెల్టా ఉన్న ఉమ్మడి ఉభయ గోదావరి జిల్లాల జనాభా 91 లక్షలు. వారిలో 60 లక్షల మంది పెద్దలనుకుని, ఒక్కొక్కరు ఐదేసి కిలోలు పెరిగారనుకుంటే ఏటా 55 వేల టన్నుల బియ్యం అదనంగా కావాలి. ఎకరాకు 75 కిలోల ధాన్యం బస్తాలు 30 పండే సార్వాలో, ధాన్యం మర పట్టగా వచ్చే బియ్యం లెక్కన ఇది దాదాపు 36 వేల ఎకరాల పంట. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట స్థానంలో తర్వాత కట్టిన బ్యారేజి నుంచి నేడు నీరందే పది లక్షల పైచిలుకు ఎకరాల్లో ఇది చిన్న భాగమే, కానీ జనాభాలో ఒక్క తల కూడా పెరగకుండా పుట్టుకొచ్చిన గిరాకీ.

ప్రపంచ స్థాయిలో ఈ లెక్కను 2012లో లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ పరిశోధకులు వేశారు. 2005 నాటి వయోజనుల మొత్తం బరువు 28.7 కోట్ల టన్నులని తేల్చారు. అన్ని దేశాల వారూ అమెరికన్లంత లావైతే 47.3 కోట్ల మంది పెద్దలు తినేంత శక్తి అదనంగా కావాలన్నారు.

డెల్టాలో కథ ఇంత సూటిగా లేదు. ఇక్కడ బరువు కంటే పనిలో వచ్చిన మార్పు పెద్దది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ద్వారా వెలువడిన 2020 నాటి సిఫారసుల ప్రకారం 65 కిలోల పురుషుడికి కూర్చుని చేసే పనికైతే రోజుకు 2,110, కాయకష్టానికైతే 3,470 కిలో కేలరీలు కావాలి. తేడా 1,360. అది దాదాపు 380 గ్రాముల బియ్యం! ఒకప్పుడు దమ్ము, కోత, పనలు కట్టడం, కుప్ప నూర్పు మనుషులూ పశువులూ చేసేవారు. ఇప్పుడు ట్రాక్టరు దమ్ము చేస్తుంది, కోత మిషను ఒక్క పూటలో గింజను ట్రక్కులో పోస్తుంది. పని తగ్గింది, కంచంలో అన్నం అంతగా తగ్గలేదు. మిగిలిన శక్తి ఒంట్లో కొవ్వుగా చేరుతుంది.

దాని ఛాయలు పల్లెల్లోనే కనిపించాయి. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ మరణ కారణాలను నమోదు చేస్తే దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులవే. అదే కార్యక్రమం పెద్దల్లో 13 శాతం మందికి మధుమేహం ఉన్నట్టు గుర్తించింది.

అయితే బరువు పెరగడమంతా చేటు కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 36.3 శాతం మంది అధిక బరువుతో ఉంటే, 14.8 శాతం మంది ఉండవలసిన బరువుకన్నా తక్కువ ఉన్నారు. బక్కచిక్కిన కూలీ తల్లి నాలుగు కిలోలు పెరగడం వల్ల వచ్చే గిరాకీ తీర్చి తీరవలసిన గిరాకీ. ఆహార భద్రతా చట్టం చెప్పిన నెలకు 5 కిలోల బియ్యమంటే రోజుకు 600 కిలో కేలరీలకు లోపే. ఆమె చేసే పనికి అది ఏ మూలకూ చాలదు, ఆ కొలతను పనిని బట్టి, బరువును బట్టి సవరించాలి.