మాల్దీవుల విహార ద్వీపాలు: ఏకాంతం వెనుక చరిత్ర

పగడపు దీవిలో విశ్రాంతి అనగానే జనసంచారం లేని తీరం స్ఫురిస్తుంది. మాల్దీవులలో ఆ ఏకాంతం ప్రకృతి ప్రసాదించినది మాత్రమే కాదు, ప్రభుత్వ విధానం రూపొందించినది కూడా. 1972లో రాజధాని మాలేకు సమీపంలోని విహమనాఫుషి దీవిలో తొలి విహార కేంద్రం 'కురుంబా' ప్రారంభమైంది. ధివేహి భాషలో ఆ పేరుకు లేత కొబ్బరికాయ అని అర్థం. అనంతరం ప్రభుత్వం నిర్జన దీవులను కౌలుకిస్తూ, 'ఒక దీవికి ఒకే విహార కేంద్రం' అనే పద్ధతిని స్థిరపరచింది. ఈ ఇస్లాం మత రాజ్యంలో అతిథులకు మద్యం అందించడం ప్రధానంగా ఆ దీవులకే పరిమితమైంది. ఈ విభజన స్థానికుల ఆచారాలను కాపాడింది; అయితే అతిథుల ఖర్చు నేరుగా గ్రామాలకు చేరే మార్గాలనూ కుదించింది. అక్కడ పనికి కుదిరిన దీవివాసులెందరో కుటుంబాలకు దూరంగా సిబ్బంది వసతులలో గడపవలసి వచ్చింది. 2009 తరువాత జనావాస దీవులలోనూ అతిథి గృహాలు వెలయడంతో ఈ ఎడం కొంత తగ్గింది. కనుక విహార ద్వీపాల చరిత్రలో ఎవరు విశ్రమించారన్నదే కాక, ఆ విశ్రాంతి కోసం ఎవరు ఎవరికి దూరమయ్యారన్నదీ పరిశీలనార్హం.