గుడి కూలినా ఆగని పండుగలు

క్రీ.శ. 70లో రోమన్ సేనలు జెరూసలేం దేవాలయాన్ని తగలబెట్టాయి. అప్పటిదాకా యూదుల పండుగలకు అదే కేంద్రం. పస్కా, షవువోత్, సుక్కోత్ పండుగలకు జనం ఊళ్ల నుంచి యాత్రగా అక్కడికే తరలివచ్చేవారు. బలులు ఇచ్చేదీ, ప్రధాన యాజకుడు ప్రజల పాపాలకు ప్రాయశ్చిత్తం చేసేదీ అక్కడే. గుడితో పాటు పండుగలూ కాలగర్భంలో కలిసిపోవలసింది. అలా జరగలేదు. యవ్నె పట్టణంలో యోహానాన్ బెన్ జక్కాయ్ నాయకత్వంలో కూడిన పండితులు ఆరాధనకు కొత్త దారి వేశారు. సుక్కోత్‌లో ఖర్జూర మట్ట చేతబట్టే ఆచారం గుడిలో ఏడు రోజులు, బయట ఒక్కరోజే ఉండేది. గుడి జ్ఞాపకార్థం అన్ని ఊళ్లలోనూ ఏడు రోజులు పాటించాలని ఆయన నిర్ణయించాడు. అలా పండుగ గుడిని దాటి ఇంటి భోజనాల బల్లకూ, ఊరి ప్రార్థన మందిరానికీ చేరింది. నేటి యూదుల పండుగల్లో చాలావాటిలో ఆ మలుపు కనిపిస్తుంది.

అధిక మాసం వారికీ ఉంది

యూదుల నెలలు చంద్రుణ్ని బట్టి నడుస్తాయి. పన్నెండు చాంద్రమాసాలకు సుమారు 354 రోజులే కాబట్టి సౌర సంవత్సరంతో ఏటా దాదాపు 11 రోజుల తేడా వస్తుంది. దాన్ని అలా వదిలేస్తే వసంతంలో రావలసిన పస్కా చలికాలంలోకి జరిగిపోతుంది. అందుకని 19 ఏళ్లలో ఏడుసార్లు ‘అదార్’ నెలను రెండుసార్లు లెక్కిస్తారు. తెలుగు పంచాంగంలో అధిక మాసం చేసే పని ఇదే. అయితే వారికి రోజు మొదలయ్యేది సూర్యాస్తమయంతో. కాబట్టి ఏ పండుగైనా ముందురోజు సాయంత్రమే ప్రవేశిస్తుంది.

పూర్వం నెలవంకను చూసిన సాక్షులు వచ్చి చెబితేనే కొత్త నెల మొదలైనట్టు ప్రకటించేవారు. ఆ కబురు దూరదేశాలకు అందడం ఆలస్యమయ్యేది. ఏ రోజు సరైనదో తేలక అక్కడివారు పండుగను రెండు రోజులు జరుపుకునేవారు. లెక్కలు స్థిరపడ్డాక కూడా ఇజ్రాయెల్ వెలుపల సంప్రదాయ యూదులు ఆ రెండో రోజును వదులుకోలేదు.

వారం వారం వచ్చే పండుగ

ఏడాదిలో ఎన్ని పండుగలున్నా సబ్బాతుకున్న స్థానం ప్రత్యేకం. దేవుడు ఆరు రోజుల్లో సృష్టి ముగించి ఏడో రోజు విశ్రమించాడన్న నమ్మకం దీనికి మూలం. శుక్రవారం సూర్యుడు అస్తమించక ముందే ఇల్లాలు దీపాలు వెలిగిస్తుంది. ద్రాక్షరసం మీద ఆశీర్వచనం చదివి, రెండు రొట్టెలతో భోజనం మొదలుపెడతారు. పూర్వీకుల అరణ్యవాసంలో సబ్బాతు కోసం ముందురోజే రెట్టింపుగా కురిసిన మన్నా అనే ఆహారానికి ఆ రెండు రొట్టెలు గుర్తు. విత్తడం, వండటం, రాయడం, నిప్పు రాజేయడం వంటి 39 రకాల పనులు ఆ రోజు నిషిద్ధం. శనివారం రాత్రి నక్షత్రాలు పొడిచాక, పేనిన వత్తుల కొవ్వొత్తి వెలిగించి, సుగంధ ద్రవ్యాల వాసన చూసి సబ్బాతుకు వీడ్కోలు చెబుతారు.

లెక్క చూసుకునే పది రోజులు

సెప్టెంబరు, అక్టోబరులలో వచ్చే తిష్రీ నెల మొదటి తేదీన రోష్ హషానా, అంటే కొత్త సంవత్సరం. ప్రార్థన మందిరంలో పొట్టేలు కొమ్ముతో చేసిన షోఫార్ ఊదుతారు. అబ్రహాము తన కొడుకు ఇస్సాకుకు బదులుగా పొట్టేలును అర్పించిన ఘట్టాన్ని అది గుర్తుచేస్తుంది. ఏడాదంతా తియ్యగా సాగాలని ఆపిల్ ముక్కలను తేనెలో అద్దుకుని తింటారు. ఆ రోజు నుంచి పదో రోజు దాకా ఆత్మపరిశీలన సాగుతుంది.

పదో రోజు యోమ్ కిప్పుర్, అంటే ప్రాయశ్చిత్త దినం. సుమారు 25 గంటల పాటు మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసం. స్నానం చేయరు, తోలు చెప్పులు వేసుకోరు, చాలామంది తెల్లబట్టలు కడతారు. దేవాలయం ఉన్న కాలంలో ప్రధాన యాజకుడు అతి పరిశుద్ధ స్థలంలోకి అడుగుపెట్టేది ఈ ఒక్కరోజే. రెండు మేకల్లో ఒకదాన్ని బలి ఇచ్చి, ప్రజల పాపాలు మోపిన రెండోదాన్ని ఎడారిలోకి తోలేవారు. ఇప్పుడు మేకలూ లేవు, యాజకుడూ లేడు. ఆ నాటి తంతును మాత్రం ప్రార్థనలో పూసగుచ్చినట్టు చదువుతారు. పండితులు దీనికి ఒక గొప్ప నియమం జోడించారు: దేవుని పట్ల చేసిన తప్పులు పశ్చాత్తాపంతో పోతాయి, సాటి మనిషికి చేసిన అన్యాయం మాత్రం ఆ మనిషిని ప్రసన్నం చేసుకునే దాకా పోదు. అందుకే పండుగకు ముందే క్షమాపణలు అడగడం, బాకీలు తీర్చడం జరిగిపోవాలి. చివరి ప్రార్థన ముగిశాక షోఫార్ దీర్ఘంగా ఒక్కసారి మోగుతుంది. అప్పుడు ఉపవాసం విరమిస్తారు.

మరో ఐదు రోజులకు పున్నమినాడు సుక్కోత్, అంటే పర్ణశాలల పండుగ. పెరట్లోనో డాబా మీదో పందిరి వేసి ఏడు రోజులు అందులోనే భోంచేస్తారు. పైకప్పు ఆకులూ కొమ్మలే కావాలి, ఆ సందుల్లోంచి నక్షత్రాలు కనిపించాలి. ఈజిప్టు నుంచి బయటపడ్డ పూర్వీకులు ఎడారిలో గుడారాల్లో బతికిన రోజులకు అది గుర్తు. ఖర్జూర మట్ట, మర్టిల్, విల్లో కొమ్మలు, మాదీఫలం చేతపట్టి ప్రార్థిస్తారు. ఈ పండుగ వెంటనే వచ్చే సింహత్ తోరా నాడు ధర్మశాస్త్ర పఠనం ఒక చుట్టు పూర్తవుతుంది. ఆ రోజే మళ్లీ మొదటి అధ్యాయం అందుకుంటారు.

దీపాలు, వేషాలు

హనుక్కా, పూరీమ్ తరువాతి చరిత్ర నుంచి వచ్చినవి. క్రీ.పూ. రెండో శతాబ్దంలో గ్రీకు రాజు నాలుగో అంతియోకస్ దేవాలయాన్ని అపవిత్రం చేస్తే మక్కబీయులనే యూదులు తిరగబడి దాన్ని శుద్ధి చేశారు. ఒక్కరోజుకు సరిపోయే నూనెతో ఎనిమిది రోజులు దీపం వెలిగిందని కథ. అందుకే రోజుకొకటి పెంచుతూ ఎనిమిది రాత్రులు దీపాలు పెడతారు. నూనెలో వేయించిన వంటకాలు చేసుకుంటారు. పూరీమ్ నాడు పర్షియాలో యూదులను కాపాడిన ఎస్తేరు కథ చదువుతారు. చదువుతుండగా దుర్మార్గుడైన హామాను పేరు వచ్చినప్పుడల్లా పిల్లలు గిలకలు తిప్పి గోల చేస్తారు. ఇరుగుపొరుగుకు పిండివంటలు పంపడం, కనీసం ఇద్దరు పేదలకు దానం చేయడం ఆ రోజు విధి.

పిల్లల ప్రశ్నతో మొదలయ్యే పస్కా

వసంత పున్నమికి పస్కా వస్తుంది. ఈజిప్టు దాస్యం నుంచి విముక్తి పొందిన కథే దీని ప్రాణం. పులిసిన పిండి రేణువు కూడా ఇంట్లో మిగలకుండా ముందురోజు రాత్రి కొవ్వొత్తి వెలుగులో మూలమూలలా వెతుకుతారు. పండుగ రొట్టె మత్సాకు పిండి తడిపింది మొదలు కాల్చేదాకా 18 నిమిషాలు దాటకూడదు. పిండి పులిసేదాకా ఆగే తీరిక లేకుండా పారిపోయిన పూర్వీకుల కథ ఆ రొట్టెలో ఉంది.

మొదటి రాత్రి జరిగే సెదర్ భోజనంలో ఒక పళ్లెం ప్రధానం. అందులో చేదు ఆకులు దాస్యానికి గుర్తు. పండ్లు, గింజలు, ద్రాక్షరసం నూరి చేసిన ముద్ద, బానిసలు కలిపిన అడుసుకు గుర్తు. కూరను అద్దుకునే ఉప్పునీళ్లు వారి కన్నీళ్లు. కాల్చిన ఎముక ఒకటి ఉంటుంది, దాన్ని తినరు. ఒకప్పుడు దేవాలయంలో వధించిన గొర్రెపిల్లకు ఇప్పుడు మిగిలిన ఆనవాలు ఆ ఎముకే. ఈ రాత్రి మిగతా రాత్రుల్లా ఎందుకు లేదని ఇంట్లో అందరికన్నా చిన్నవాడు అడగాలి. పెద్దలు కథ చెప్పడం అప్పుడే మొదలవుతుంది. ఈజిప్టు మీద పడిన పది తెగుళ్ల పేర్లు చెబుతూ గిన్నెలోంచి పది చుక్కల ద్రాక్షరసం తీసేస్తారు. శత్రువు బాధపడినప్పుడు సంతోషం నిండుగా ఉండకూడదన్నది దానికి చెప్పే వివరణ. ఏలీయా ప్రవక్త కోసం తలుపు తెరుస్తారు. వచ్చే ఏడాది జెరూసలేంలో కలవాలన్న ఆకాంక్షతో సెదర్ ముగుస్తుంది.

పస్కా రెండో రాత్రి నుంచి 49 రోజులు లెక్కపెట్టి యాభయ్యో రోజున షవువోత్ చేస్తారు. సీనాయి కొండ మీద ధర్మశాస్త్రం లభించిన రోజు అది. రాత్రంతా మేలుకుని శాస్త్రం చదువుకుంటారు. ఎండాకాలంలో అవ్ నెల తొమ్మిదో రోజు సంతాపదినం. క్రీ.పూ. 586లో బాబిలోనియన్లు, క్రీ.శ. 70లో రోమన్లు చేసిన రెండు దేవాలయ విధ్వంసాలను తలచుకుంటూ, నేలమీద కూర్చుని విలాపవాక్యాలు చదువుతూ ఉపవాసం ఉంటారు.

మన దేశంలో

కొంకణ తీరంలోని బెనే ఇజ్రాయెల్ యూదులు మిగతా యూద ప్రపంచానికి దూరంగా, నూనె గానుగలు ఆడిస్తూ తరతరాలు జీవించారు. శనివారం గానుగ ఆపేసేవారు కాబట్టి ఇరుగుపొరుగువాళ్లు వీరిని ‘శనివార్ తేలీ’ (శనివారపు గానుగవాళ్లు) అని పిలిచారు. ఏలీయా ప్రవక్త పేర అటుకులు, కొబ్బరి, పండ్లతో వారు చేసే ‘మలీదా’ వేడుక మరెక్కడా కనిపించదు. గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అనే చిన్న తెలుగు సమాజం 20వ శతాబ్దం చివరి నుంచి సబ్బాతును, యూదుల పండుగలను పాటిస్తోంది. గుడి, యాజకులు, బలులు లేకపోయినా ఒక ఇల్లు, ఒక భోజనం, కథ అడిగే ఒక బిడ్డ ఉంటే పండుగ నిలుస్తుందని యవ్నె పండితులు నమ్మారు. దాదాపు రెండు వేల ఏళ్లుగా ఆ నమ్మకం వమ్ము కాలేదు.