నౌబాద్ ఇళ్ల కింది నీళ్లు



జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు నుంచి బీదర్ వచ్చే మనవాళ్లు కొందరు నౌబాద్‌లో ఇల్లు చూసుకుంటారు. అద్దె తక్కువ, గోల తక్కువ, బీదర్ పక్కనే. పరాయి చోటికి వచ్చామనుకోనక్కర్లేదు. 1956 నవంబర్ 1 దాకా ఆ రెండు తాలూకాలూ బీదర్ జిల్లావే.

నౌబాద్ అంటే కొత్త ఊరు. పేరు కొత్తదే గానీ కింద ఉన్నది చాలా పాతది. 15వ శతాబ్దంలో బహమనీ సుల్తానులు రాజధానిని గుల్బర్గా నుంచి బీదర్‌కు మార్చాక ఇక్కడ కరేజ్ తవ్వించారు. స్థానికులు సురంగ బావి అంటారు. పద్ధతి ఇరాన్‌ది. ఇక్కడి ఎర్రరాయి వాననీటిని పీల్చుకుంటుంది, అడుగునున్న నల్లరాయి కిందికి దిగనివ్వదు. ఆ నీరు వాలుగా తవ్విన సొరంగంలోకి ఊరి, మోట అక్కర్లేకుండా దానంతటదే పారుతుంది. పైనుంచి వరుసగా దించిన బావులు గాలికి, పూడిక తీయడానికి.

ఇళ్లు, రోడ్లు పెరిగాక కొన్ని బావులు మూసుకుపోయాయి. 2014లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ బీదర్ చారిత్రక నగరాన్ని తన జాబితాలో చేర్చింది. తర్వాత జిల్లాధికారి అనురాగ్ తివారీ హయాంలో కరేజ్ పూడిక తీయించారు.

అద్దెకుండేవాళ్లం, మనకెందుకు అనుకోకండి. ఇంటి ఓనరైనా, అద్దెకున్నవారైనా తోడుకునేది ఒకే నేలలోని నీరు. మీ వీధిలో అలాంటి బావి ఉంటే చెత్త వేయనివ్వకండి, పూడ్చనివ్వకండి. అది ఎండితే తక్కువ అద్దె మిగిల్చిన డబ్బంతా ట్యాంకర్‌కే పోతుంది.