మంజీర ఒడ్డున విహారం: నిజాంసాగర్ నుంచి అలీసాగర్ దీవి వరకు

తెలంగాణకు సముద్రతీరం లేదు. నిజామాబాద్, బోధన్ ప్రాంతాలు బంగాళాఖాతానికి వందల కిలోమీటర్ల దూరాన, దక్కను పీఠభూమి నడుమ ఉన్నాయి. అయినా ఇంటిల్లిపాదీ మూట కట్టుకుని ఒక పూట నీటి ఒడ్డున గడిపి రావాలన్న కోరిక తీరవాసులకు మాత్రమే పరిమితమైనది కాదు. కోస్తాలో ఈ కోరికను తీర్చేవి సముద్రపు ఇసుక తిన్నెలు, వాటితో పాటు అవరోధ ద్వీపాలు. అలలూ ప్రవాహాలూ మోసుకొచ్చిన ఇసుక తీరానికి సమాంతరంగా మేటవేయగా ఏర్పడి, లోపలి నేలకు సముద్రపు పోటు తగలకుండా అడ్డుగా నిలిచే సన్నని దీవులకు ఆ పేరు. పులికాట్ సరస్సును సముద్రం నుంచి వేరుచేసే శ్రీహరికోట తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ. నిజామాబాద్ ప్రాంతంలో మాత్రం ఒడ్డునూ దీవినీ రెండింటినీ నిర్మించినవారు నీటిపారుదల ఇంజనీర్లు. పొలాలకు పారించడానికి నిలిపిన నీరే జనానికి విహారస్థలం కూడా అయింది కనుక, ఇక్కడి ఉల్లాసం చరిత్ర నీటి చరిత్రకు అంతర్భాగంగానే నడిచింది. జలాశయం నిండినప్పుడు ఒడ్డు కళకళలాడింది, ఎండినప్పుడు బోసిపోయింది.

జలాశయాలకు ముందు కూడా ఈ నేల మీద నీటి ఒడ్డుకు వెళ్లడమనే ఆచారం బలంగానే ఉండేది, అయితే దానికి పండుగో పుణ్యమో తోడుండేది. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా తెలంగాణలో ప్రవేశించి, దాదాపు 724 కిలోమీటర్లు ప్రవహించే మంజీర నది బోధన్‌కు ఉత్తరాన రెంజల్ మండలంలోని కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. హరిద్ర అనే వాగు కూడా అక్కడే చేరుతుందని భావించి ఆ చోటును త్రివేణి సంగమంగా కొలుస్తారు కాబట్టి, పన్నెండేళ్లకొకసారి వచ్చే గోదావరి పుష్కరాలకూ మహాశివరాత్రికీ ఆ రేవులో స్నానాలు చేయడం తరతరాల అలవాటు. ఊళ్లలో ఆ స్థానం చెరువు కట్టది. సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం ఆడపడుచులు బతుకమ్మను నీళ్లలో సాగనంపి, వెంట తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం, రొట్టె ముక్కలను బెల్లంతో కలిపి ముద్దచేసిన మలీద ఒకరికొకరు పంచుకుని కట్ట మీదే తిని ఇళ్లకు మళ్లేవారు. చెట్ల నీడన వండుకుని తినే వనభోజనాలకు కూడా చెరువు గట్టునో వాగు ఒడ్డునో ఎంచుకోవడమే పరిపాటి. నీటి ఒడ్డున కలిసి తినడం అనే ఈ పాత అలవాటును గుర్తుంచుకోకపోతే, తరువాతి కాలంలో పెద్ద జలాశయాల దగ్గరికి జనం అంత సహజంగా ఎలా చేరుకున్నారో అర్థం కాదు.

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్ నగరాన్ని ముంచెత్తిన తరువాత, నిజాం ప్రభుత్వం జలాశయాల నిర్మాణాన్ని మునుపెన్నడూ లేని పట్టుదలతో చేపట్టింది. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తికాగా, మెదక్, ఎల్లారెడ్డి మధ్యన మంజీర ఉపనది మీద పోచారం జలాశయం 1916–22 మధ్య తయారైంది. మంజీర మీదనే అంతకు ఎన్నో రెట్లు పెద్దదైన నిజాంసాగర్ కట్టను నిర్మించే పని 1923లో అచ్చంపేట, బంజెపల్లి గ్రామాల మధ్య, హైదరాబాద్‌కు వాయవ్యంగా సుమారు 145 కిలోమీటర్ల దూరాన మొదలై 1931లో ముగిసింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో ఈ నిర్మాణానికి రూపకల్పన చేసినవాడు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టిన జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటోంది. దాదాపు మూడు కిలోమీటర్ల పొడవున సాగే రాతికట్టడం, దాని తలపై వాహనాలు నడిచేలా 14 అడుగుల వెడల్పున వేసిన బాట, 29.72 టీఎంసీల నిల్వ ఆనాటి హైదరాబాద్ రాజ్యంలో అపూర్వమైనవి. వంద కోట్ల ఘనపుటడుగుల నీటిని ఒక టీఎంసీ అంటారు. అది సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లకు సమానం. ఈ నీటితో 2.75 లక్షల ఎకరాల ఆయకట్టును, అంటే కాలువ కింద సాగయ్యే భూమిని, తడపాలన్నది సంకల్పం.

ఇంత నీరు నిలవడానికి చోటు ఇచ్చినవి సుమారు 40 గ్రామాలు. జలాశయం నిండే లోపల ఆ ఊళ్ల ప్రజలను ఖాళీ చేయించారు. ఇళ్లు, గుళ్లు, పంట చేలు, శ్మశానాలు నీటి అడుగుకు చేరాయి. నిజాంసాగర్ ఒడ్డు అందాన్ని వర్ణించే రచనల్లో సాధారణంగా ఈ సంగతికి ఒక వాక్యం కూడా దక్కదు. కానీ తరువాత లక్షలాది మంది చూసి ఆనందించిన ఆ నీటి పరపు కింద ఉన్నది కాపురాలు చేసిన నేల అన్న సత్యం ఈ చరిత్రలో మొదట చెప్పుకోవలసినది, ఎందుకంటే ఇక్కడి విహారానికి ఇతరులు చెల్లించిన మూల్యం అదే.

జలాశయం వెంట విహారగృహం కట్టడం ఆ యుగంలో రాజరికపు అలవాటు. ఉస్మాన్ సాగర్ గట్టున నిజాం వేసవి విడిదిగా సాగర్ మహల్ వెలసింది. మైసూరు రాజ్యంలో కావేరి మీద కృష్ణరాజసాగర్ పూర్తయిన మరుసటి ఏడాదికల్లా, దివాన్ మీర్జా ఇస్మాయిల్ చొరవతో బృందావన తోటలు రూపుదిద్దుకున్నాయి. నిజాంసాగర్ దగ్గర గోల్ బంగ్లా, గుల్‌గస్త్ వంటి అతిథి గృహాలు ఇదే వరుసకు చెందినవి. గుండ్రని ఆకారం వల్ల గోల్ బంగ్లా అని పేరొచ్చిన కట్టడం నుంచి నీటి విస్తీర్ణం కనిపించేలా స్థలాన్ని ఎంచుకున్నారు. అయితే ఈ బంగ్లాలు ప్రజల కోసం ఉద్దేశించినవి కావు. రాజకుటుంబమూ, ఉన్నతాధికారులూ, పనులను తనిఖీ చేయడానికి వచ్చే ఇంజనీర్లూ బస చేయడానికి ఉద్దేశించినవి. ఒడ్డు ఒకటే అయినా అప్పట్లో దాని అనుభవం రెండు తరగతులుగా ఉండేది: బంగ్లా వసారాలో కూర్చుని చూసేవారు కొందరు, కట్ట కింద చెట్ల నీడన సద్ది విప్పుకునేవారు మిగిలినవారు.

నిజామాబాద్ పట్టణ ప్రజలకు మరింత చేరువైన నీటి ఒడ్డు నిజాంసాగర్ ప్రధాన కాలువ వల్ల ఏర్పడింది. 150 కిలోమీటర్లకు పైగా సాగే ఈ కాలువ మార్గంలో, ఎడపల్లి మండలం ఠాణాకలాన్ వద్ద, బాసర రోడ్డుకు సుమారు 2 కిలోమీటర్ల లోపల 1931లో అలీసాగర్ జలాశయాన్ని నిర్మించారు. వచ్చిన నీటిని నిలిపి, అవసరాన్ని బట్టి దిగువ ఆయకట్టుకు వదలడం దాని అసలు పని. చుట్టూ చిట్టడవి, పక్కనే గుట్ట, గుట్ట మీద వేసవి విడిది, దిగువన తోట, నీటి నడుమ చిన్న దీవి ఒక్కచోటే కుదిరిన ఈ స్థలం క్రమంగా జిల్లాలో పేరెన్నికగన్న విహారక్షేత్రమైంది. సముద్రపు దీవికీ దీనికీ పుట్టుకలోనే తేడా ఉంది: లోయలో నీరు నింపినప్పుడు ఎత్తయిన మెరక మునగకుండా మిగిలితే అది దీవి అవుతుంది కాబట్టి, దాని విస్తీర్ణాన్ని నిర్ణయించేది ఇసుక మేట కాదు, తూము దగ్గరి నీటిమట్టం. మంజీరలోనే ఎగువన, సంగారెడ్డి సమీపంలో, పుట్టిగడ్డ, బాపనగడ్డ, సంగంగడ్డ, కర్ణంగడ్డ వంటి పేర్లతో తొమ్మిది చిన్న దీవులు ఉన్నాయి. అక్కడి మొసళ్లకూ నీటి పక్షులకూ రక్షణ కల్పిస్తూ 1978లో ఆ భాగాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. ఒకే నదీ వ్యవస్థలో కొన్ని దీవులు జంతుజాలానికీ, మరొకటి మనుషుల ఆటవిడుపుకూ దక్కాయన్నమాట.

ఈ ఒడ్డుకు జనాన్ని తెచ్చినది చెరకు. నిజాంసాగర్ నీటి భరోసాతో 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపితమై, ఒకప్పుడు ఆసియాలోనే అతిపెద్ద చక్కెర కర్మాగారంగా పేరుపొందింది. కాలువ నీటిని చూసి కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు బోధన్, వర్ని, బాన్సువాడ పరిసరాలకు వలస వచ్చి భూములు కొని స్థిరపడ్డారు; వారు నెలకొల్పిన పల్లెలను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. వారితో పాటు కోస్తాలో కార్తీక మాసపు వనభోజనాలకున్న ప్రాధాన్యమూ ఇక్కడి ఆచారాలకు తోడైంది. నిజాం రైల్వే సంస్థ 1932లో 27 బస్సులతో ప్రారంభించిన రోడ్డు రవాణా విభాగం కాలక్రమంలో విస్తరించి, ఎడ్లబండి మీద రోజంతా పట్టే దారిని కొన్ని గంటలకు కుదించడంతో, పట్టణపు కుటుంబాలకూ పాఠశాలల పిల్లలకూ ప్రాజెక్టు చూసిరావడం ఒక్క రోజులో వీలయ్యే పని అయింది. ఈ ప్రాంతపు విహారానికి పంటల క్యాలెండరే ముహూర్తం పెట్టింది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వరద వచ్చి గేట్లు ఎత్తే రోజుల్లో వరినాట్లు ముగిసి రైతుకు కొంత తీరిక ఉంటుంది. నవంబరులో ఫ్యాక్టరీ గానుగ మొదలైతే చెరకు నరుకుడు, బండ్ల బారులు, తూకాల కోసం ఎదురుచూపులతో ఆ తీరిక ముగిసిపోయేది. అందువల్ల గేట్ల నుంచి నీరు దూకే ఆ కొద్ది వారాలే నిజాంసాగర్‌కు అసలైన జాతర దినాలయ్యాయి. కట్ట మీద బారులు తీరిన జనం, తుంపరలో తడుస్తూ కేరింతలు కొట్టే పిల్లలు, దిగువన మంజీర పాయలో వలలు విసిరే జాలరులు, అప్పుడే పట్టిన బొచ్చె చేపలను ఒడ్డునే బేరమాడి కొనుక్కునే గృహిణులు — ఏటా వాన కలిసొస్తే చాలు, ఈ దృశ్యం తిరిగి కనిపిస్తుంది.

1948లో రాజరికం ముగిసి, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ప్రాజెక్టులను చూడటం దేశనిర్మాణ విద్యలో ఒక భాగమైంది. జవాహర్‌లాల్ నెహ్రూ 1963 జూలై 26న పోచంపాడ్ వద్ద గోదావరి మీద శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ఇదే జిల్లాకు మరొక పెద్ద నీటి ఒడ్డును చేకూర్చింది. నిజాంసాగర్ వద్ద జలవిద్యుత్ కేంద్రం వెలసింది. అలీసాగర్‌లో జింకల వనం, పడవ షికారు ఆకర్షణలయ్యాయి. జానకంపేట సమీపంలోని అశోక్ సాగర్ చెరువు నడుమ సరస్వతీ విగ్రహాన్ని నిలిపి, గట్టున తోట పెంచడంతో బాసర వెళ్లే యాత్రికులకు అది మజిలీ అయింది. మునుపు బంగ్లా వసారాకే పరిమితమైన దృశ్యం ఈ విధంగా అందరికీ చెందింది.

అదే కాలంలో నీరు తరగడం ప్రారంభమైంది. ఎగువ నేలల మట్టి కొట్టుకొచ్చి అడుగున పేరుకోవడాన్ని పూడిక అంటారు. దీనివల్ల నాలుగు దశాబ్దాలలో నిజాంసాగర్ నిల్వ 29.72 టీఎంసీల నుంచి 11.80 టీఎంసీలకు పడిపోయింది. తరువాత గేట్ల ఎత్తు పెంచి 17.80 టీఎంసీలకు చేర్చగలిగారు. పైన సింగూరు వద్ద హైదరాబాద్ తాగునీటి కోసం మంజీర మీద నిర్మించిన సుమారు 30 టీఎంసీల జలాశయం వచ్చాక, దిగువకు సహజంగా దిగే ప్రవాహం మరింత తగ్గింది. చివరి ఆయకట్టును కాపాడటానికి గోదావరి నీటిని పైకి తోడే అలీసాగర్, గుత్ప ఎత్తిపోతల పథకాలు అవసరమయ్యాయి. ఒడ్డు మీద ఈ మార్పు కంటికి కనిపిస్తుంది. నీరు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే జలాశయపు లోపలి నేలను తెలంగాణ రెవెన్యూ భాషలో శిఖం అంటారు. పూర్తిగా నిండిన ఏడు అలలు తాకే చోట, వట్టిపోయిన ఏడు పగుళ్లిచ్చిన నల్లని ఒండ్రు పరుచుకుని, పశువులు మేసే బయలుగానో ఆరుతడి పంటల చేనుగానో మారిపోతుంది. 2015–16 కరువులో అడుగంటిన నిజాంసాగర్, 2016 సెప్టెంబరు వానలకు తిరిగి నిండినప్పుడు జనం తండోపతండాలుగా వచ్చారంటే, వారు చూడవచ్చినది కేవలం అందాన్ని కాదు, వచ్చే రెండు పంటలకు దొరికిన హామీని.

అక్కడికి వచ్చే జనం వెనుకనున్న ఆర్థిక జీవనమూ మారిపోయింది. 2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ మూతపడటంతో, చెరకు కాలచక్రం చుట్టూ అల్లుకున్న పనిదినాలూ సెలవుదినాలూ వాటి క్రమాన్ని కోల్పోయాయి. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనలో నిజాంసాగర్ కట్ట కామారెడ్డి జిల్లాకు చెందగా, దాని నీటితో బతికే బోధన్, అలీసాగర్ నిజామాబాద్ జిల్లాలోనే ఉండిపోయాయి. 2025 ఆగస్టు చివరి వారపు కుండపోతకు పోచారం జలాశయానికి పోటెత్తిన వరద దిగువ గ్రామాలను హడలెత్తించినా, శతాబ్దం దాటిన ఆ కట్ట నిలబడింది. చూడముచ్చటగా కనిపించే జలాశయాలు ప్రాణాలకు కాపలాదారులు కూడా అని ఆ సంఘటన మరొకసారి చాటింది.

ఈ చరిత్రంతటినీ కలిపి చూస్తే తేలే విషయం స్పష్టమైనది. ఇక్కడ విహారస్థలాన్ని విడిగా అభివృద్ధి చేయడం సాధ్యం కాదు. పడవలు, తోటలు, విడిదిళ్లు ఎన్ని సమకూర్చినా, ఎగువ పరీవాహక ప్రాంతంలో మట్టి కోతను అరికట్టకుండా, పూడికకు పరిష్కారం వెతకకుండా, పాత గేట్లనూ కట్టలనూ ఏటేటా మరమ్మతు చేయకుండా ఆ ఒడ్డు నిలవదు. శిథిలమవుతున్న బంగ్లాలను పునరుద్ధరించే పని చేపట్టినప్పుడు, వాటిలో కనీసం ఒకదానిని ప్రాజెక్టు చరిత్రను చెప్పే ప్రదర్శనశాలగా మలచి, నిర్మాతల పేర్ల పక్కనే మునిగిన 40 ఊళ్ల పేర్లూ రాయించడం న్యాయం. సముద్రం ఒడ్డును ప్రకృతి తనంతట తాను తీర్చిదిద్దుకుంటుంది. మనుషులు నిర్మించుకున్న ఒడ్డును మనుషులే కాపాడుకోవాలి.