శిలాగర్భమున గుల్లలు

బందరు, గుడివాడ, దివిసీమల నేల కృష్ణానది తెచ్చి పరచిన ఒండ్రుమట్టి యగుటచే, 25 కోట్ల సంవత్సరములకు పూర్వమే ముగిసిన పురాజీవ మహాయుగపు సముద్రగుల్లల నిచ్చట వెదకుట వ్యర్థము. ఐనను గోదావరి మెట్టసీమలకు బోయినవానికి, తదనంతర యుగముల గుల్లలైనను కన్నులపండువుగా లభించును. రాజమహేంద్రవరము చెంత కాతేరున లావాపొరల నడుమ నిరికిన సున్నపురాతిలోని గుల్లలను, నాగపురమున నివసించిన స్కాట్లండు మతబోధకుడు స్టీఫెన్ హిస్లాప్ 1860లో వర్ణించి ప్రకటించెను. మూడేండ్లకే నీటమునిగి యా విద్వాంసుడు మరణించుట నిజముగా శోచనీయము.

గుల్ల కరగిపోయి లోపలి అచ్చు మాత్రమే మిగిలినచోట గుర్తింపు కష్టసాధ్యము. మరచుట్టువలె పొడవుగా మెలితిరిగినది టరిటెల్లా యని చుట్లను, వానిపై గీతలను బట్టి తెలియవచ్చును గాని, జంటచిప్పల జీవులకు కీలుపండ్ల జాడ దొరకనిదే పేరు నిశ్చయింపరాదు; తొందరపడి పేరిడుటకంటె పేరిడక దాచుటయే మేలని నా యభిప్రాయము.

ఆ మెట్టసీమలోనే, భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ 1880 నాటి గ్రంథమున వర్ణించిన రాఘవాపురపు పలకరాళ్లలో అమ్మొనైట్లను చుట్టగుల్లల ముద్రలు గలవు. ఆ క్రెటేషియస్ యుగపు శిలలే గుడివాడ ద్రోణిలో ఒండ్రుక్రింద మిక్కిలి లోతున నున్నట్లు చమురుబావుల త్రవ్వకమున తేలినది.